పనివాని పేర వెలసిన గుడి



వేసవి సెలవులలో స్వగ్రామములకు బోవునపుడు మన పిల్లలను ములుగు జిల్లాలోని పాలంపేట గ్రామమునకు ఒకమారు గొనిపోవుదము. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో అచట రుద్రేశ్వరాలయమును నిర్మింపజేసెను. ఇసుక నింపిన పునాదిపై నక్షత్రాకారముగల ఎత్తైన అరుగు, ఎఱ్ఱని ఇసుకరాతి గోడలు, నల్లరాతి మదనికల విగ్రహములు అందు చూడదగినవి. శిఖరపు బరువు తగ్గుటకై నీటిపై తేలునంతటి తేలిక ఇటుకలను వాడిరి. 2021లో యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినది.

అయినను జనులు దానిని రాజు పేరనో, సేనాని పేరనో పిలువరు. దానిని చెక్కినవాడని తరతరములుగా చెప్పుకొను శిల్పి పేర ‘రామప్ప గుడి’ యనియే పిలుతురు.

మన పేటయు నట్టిదే. 18వ శతాబ్దపు చివర నిజాము సీమనుండి వచ్చి ఈ నగరమున కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరనే కామాఠిపుర మేర్పడినది. నేడు ఆ పేరు చెప్పినంతనే పరులు మొగము చిట్లింపగా మన పిల్లలు తల వంచుకొనుచున్నారు. వారిని రామప్ప గుడి ముంగిట నిలిపి చెప్పుదము: పనివాని పేరు మోయుట సిగ్గు గాదు, అది గౌరవము.