మగపంది మాంసమునకు కంపు కలుగుటకు కారణములు
(పాకాల రైతులకొఱకైన ఉపన్యాసము)



పాకాల ప్రాంతమున పందుల పెంపకము చేపట్టు రైతు ముందుగా ఎఱుగవలసిన సంగతి యొకటి గలదు. నెలల తరబడి దాణాపెట్టి మేపిన మగపంది చూచుటకు చక్కగా బలిసియుండును. కాని దాని మాంసము పొయ్యిమీద కాగినంతనే మూత్రపు కంపువంటి వాసన వెడలును. కొన్నవాడు మరల ఆ రైతు వాకిలి త్రొక్కడు. ఇది రోగమువలన కలిగినది కాదు; మాంసము క్రుళ్లుటవలనను కాదు. ఆ కంపు పంది బ్రతికియుండగనే కొవ్వులో చేరియుండును.

దీనికి ముఖ్యకారణములు రెండు. మొదటిది ఆండ్రోస్టినోన్. పంది యుక్తవయస్సునకు వచ్చునప్పుడు విత్తులలో పుంస్త్వరసముతోపాటు ఇదియు పుట్టును. రక్తముద్వారా లాలాజల గ్రంథులకు పోయి, నోటి నురుగులో చేరి, ఎదకు వచ్చిన ఆడపందిని నిలుకడగా నిలుచునట్లు చేయును. మిగిలినది కొవ్వులో నిలువయగును.

రెండవది స్కాటోల్. దాణాలోని మాంసకృత్తులయందలి ట్రిప్టోఫాన్ అను అంశమును పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు విఱుచుటవలన ఇది కలుగును. ఇది ఆడపందిలోను పుట్టును. కాని కాలేయము దానిని విఱిచి వెడలగొట్టును. మగపందిలో ఆండ్రోస్టినోన్ కాలేయపు ఆ పనిని మందగింపజేయును. కావున రెండు కంపులును ఒకచోట కూడును.

విత్తులు తీయని పంది తక్కువ దాణాతో త్వరగా పెరుగుట నిజమే. అయినను సరకు అమ్ముడుపోనప్పుడు ఆ లాభమేమి? సంతానమునకు ఉంచదలచని మగపిల్లలకు రెండు మూడు వారముల ప్రాయముననే పశువైద్యునిచే, నొప్పి తెలియకుండ మందిచ్చి, విత్తులు తీయింపవలెను. పుండు మానువఱకు ఈగలు ముసరకుండ పొడినేలపై ఉంచవలెను. కోతకు బదులు టీకా వేయు పద్ధతియు గలదు. అది 1998లో ఆస్ట్రేలియాలో వాడుకలోనికి వచ్చినది. రెండు మోతాదులు వేయవలెను. రెండవది వధకు 4 మొదలు 6 వారముల ముందు పడవలెను.

పందులు పేడలోను మూత్రములోను పొర్లినచో స్కాటోల్ హెచ్చును. వేసవిలో చల్లదనమునకై అవి బురదకు పోవును గనుక నీడయు, మంచినీరును, ప్రతిదినము కడిగిన నేలయు సమకూర్పవలెను. కాఫీలో కలుపు చికోరీ దుంపను ఎండబెట్టి వధకు ముందు కొలదివారములు దాణాలో చేర్చినచో స్కాటోల్ తగ్గును; ఆండ్రోస్టినోన్ మాత్రము తగ్గదు.

అమ్మకమునకు ముందు కొవ్వుముక్కను పెనముపై కాచి చూడవలెను. ఆండ్రోస్టినోన్ వాసన కొందఱి ముక్కునకు బొత్తిగా తెలియదు. కనుక ఒక్కని మాట నమ్మక నలుగురిచే వాసన చూపింపవలెను.

సందేహములున్న రైతులు స్థానిక పశువైద్యశాలను గాని, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమును గాని అడిగి తెలిసికొనవచ్చును. పిల్లప్రాయమున చేయదగిన పని తప్పినచో, పిదప ఎంత మంచి దాణాయు ఆ కంపును పోగొట్టజాలదు.