కిటికీ దగ్గరకు జరిపిన బల్ల

 

మన షోలాపురంలో ఈనాడు పొరుగున మరాఠీవారు గుఢీ నిలుపుతారు. మనము వేపపూత పచ్చడి కలుపుకొంటాము. పేర్లు రెండైనా పండుగరోజు ఒక్కటే. ఇటువంటి పూట, పరాయివారు తనవారగుటను గూర్చిన ఒక నవలను మీకు పరిచయం చేయదలచినాము.

అమెరికా రచయిత టి. జె. క్లూన్ 2020లో 'ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ' అనే నవలను వెలువరించినాడు. అది మాయలూ వింతలూ గల కల్పిత కథ. అందులో లైనస్ బేకర్ నలభై యేండ్ల గుమాస్తా. వింతశక్తులు గల పిల్లల అనాథాశ్రమాలను తనిఖీ చేసి నివేదికలు వ్రాయుట అతని కొలువు. నివేదిక పంపిన పిమ్మట ఆ పిల్లలేమైనారో అతడెన్నడూ విచారించలేదు. పై అధికారులు అతనిని ఒక నెల గడువుతో ఒక దీవికి పంపినారు.

అక్కడ ఆరుగురు పిల్లలు. ఒకడు గుండీలు కూడబెట్టే రెక్కల జంతువు. ఇంకొకడు ఏ జాతివాడో తెలియని ఆకుపచ్చని జీవి. హోటలులో సామాను మోయుట వాని కల. మరొకడు సైతాను కొడుకు. ఆరేండ్లవాడు, పాత గ్రామఫోను పాటలంటే వానికి ప్రాణం. ఎదుటి ఊరివారికి వీరంటే జంకు. ఆశ్రమం నడిపే ఆర్థర్ పార్నాసస్ మాత్రం వారికి తండ్రియే. రక్తసంబంధం లేదు, ఒక పంక్తిన భోజనం వున్నది.

వారిలో మాకు మరపురానివాడు సాల్. భయపడితే కుక్కపిల్లగా మారిపోతాడు. అనేక ఆశ్రమాలు తిరిగివచ్చినవాడు. కవితలు వ్రాస్తాడు గాని, వ్రాతబల్లను బట్టల అలమారులో దాచుకొన్నాడు. లైనస్ వానికి నీతులు చెప్పలేదు. వాని ఇష్టం కనుక్కొని, తానూ ఒక చేయి వేసి, బల్లను కిటికీ దగ్గరకు జరిపించినాడు. నవల సారమంతా మాకు అక్కడే కనిపించినది.

మన తాతముత్తాతలు మగ్గం పని వెతుకుకొంటూ ఈ ఊరు చేరిననాడు, వారికీ ఎవరో ఇట్లే చేయి వేసి వుంటారు. ఒకరు అద్దెగది చూపి వుంటారు. ఒకరు బజారులో మరాఠీ మాట అందించి వుంటారు.

మరి మనమేమి చేసినాము? నిరుడు ఇదే వేదికపై ఒక పిల్లవాడు తాను వ్రాసుకొన్న నాలుగు మాటలు చదువుతూ, నడుమ మరాఠీ పలుకులు కలిపినాడు. ముందు వరుసలోని పెద్దలు నవ్వినారు. ఆ నవ్వినవారిలో మేమూ వున్నాము. ఈ యేడు జాబితాలో వాని పేరు లేదు. వాని బల్లను అలమారులోకి నెట్టినది మనమే.

లైనస్ చివరకు కొలువు విడిచి, ఆ దీవికే తిరిగి పోయినాడు. మనమంత దూరం పోనక్కరలేదు. రెండు వీధులు దాటి వాని గడప తొక్కి, "రా నాయనా, నీకు వచ్చిన తెలుగులోనే చదువు" అంటే చాలును. సభ ముగియగానే మేము అక్కడికే పోతున్నాము. తోడు వచ్చేవారు రండి.