సైకిలుకు మోటారు: మనకు పనికొచ్చే హబ్బు మోటారు ఏది?

(బళ్ళారి జిల్లా మిల్లు కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ బోనసు గురించి కాదు, వేతన ఒప్పందం గురించి కాదు, సైకిలు గురించి మాట్లాడమని కమిటీ నన్ను అడిగింది. కొందరు నవ్వుకోవచ్చు. కాని రాత్రి షిఫ్టు దిగిన మనిషికి ఊరికి బస్సు ఉండదు. ఆటోకు అడిగినంత ఇచ్చుకోవాలి. లేదంటే ఎనిమిది గంటలు రింగ్ ఫ్రేముల మధ్య తిరిగిన కాళ్ళతోనే మళ్ళీ పది కిలోమీటర్లు తొక్కాలి. అందుకే మనవాళ్ళు కొందరు లావు టైర్ల మౌంటెన్ సైకిలుకు మోటారు చక్రం బిగించుకోవాలని చూస్తున్నారు. ఆలోచన మంచిదే. అయితే అంగడిలో అడిగితే "వెయ్యి వాట్లది తీసుకో అన్నా, గాలిలా పోతుంది" అంటారు. డబ్బు మనది, ఎముకలు మనవి. కాబట్టి లెక్క కూడా మనమే వేసుకోవాలి.

చక్రం మధ్యలో, అంటే హబ్బులోనే మోటారు పెట్టడం కొత్త సంగతి కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన 1895లోనే వెనక చక్రంలో మోటారు ఉన్న సైకిలుకు పేటెంటు పొందాడు. అందులో గేర్లు లేవు. 10 వోల్టుల బ్యాటరీ, 100 ఆంపియర్ల దాకా కరెంటు. అంత కరెంటుకు ఎంత లావు తీగ కావాలో మన ఎలక్ట్రీషియన్లను అడగండి. తేలికైన బ్యాటరీ, బలమైన అయస్కాంతం, చిన్న కంట్రోలరు వచ్చాకే ఈ ఆలోచన సామాన్యుడి చేతికి అందింది.

రెండు రకాలు

ఒకటి, గేర్లు లేని మోటారు. చక్రం ఎంత వేగంగా తిరిగితే మోటారూ అంతే వేగంగా తిరుగుతుంది. చప్పుడు ఉండదు, అరిగే పళ్ళు ఉండవు. కాని బరువు 5 నుంచి 7 కిలోలు. బ్యాటరీ అయిపోతే లోపలి అయస్కాంతాలు చక్రాన్ని వెనక్కి లాగుతుంటాయి, తొక్కడం భారమవుతుంది. పైగా మిట్టలో మెల్లగా పోతున్నప్పుడు బలం కోసం కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ కరెంటులో పెద్ద భాగం వేడిగా పోతుంది. లోడు ఎక్కువై ఆగిపోయిన మోటారు మూలుగుతూ కాలిపోవడం మిల్లులో మనం చూసేదే. ఇదీ అంతే.

రెండోది, లోపల గేర్లున్న మోటారు. లోపలి మోటారు సుమారు అయిదు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. చిన్న పళ్ళచక్రం పెద్దదాన్ని తిప్పితే వేగం తగ్గి బలం పెరుగుతుందని మన ఫిట్టర్లకు నేను చెప్పనక్కరలేదు. బరువు 3 కిలోల లోపే. లోపల ఫ్రీవీలు ఉంటుంది కనుక బ్యాటరీ అయిపోయినా మామూలు సైకిలులా తొక్కుకుని ఇల్లు చేరవచ్చు. లోపలి నైలాను పళ్ళు కొన్నేళ్ళకు అరుగుతాయి, కాని మార్చుకోవచ్చు. కొనేముందే ఆ పళ్ళు విడిగా దొరుకుతాయా అని అడగండి.

ఎంత బలం కావాలి?

మనిషి, సైకిలు, బ్యాటరీ, అన్నం క్యారియరు అన్నీ కలిపి 100 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగానికి సుమారు 110 వాట్లు చాలు. నూరడుగులకు అయిదడుగులు లేచే మిట్ట మీద 15 కిలోమీటర్ల వేగానికి సుమారు 270 వాట్లు. నూటికి పది లేచే మిట్ట మీద 10 కిలోమీటర్ల వేగానికి సుమారు 310 వాట్లు. కాళ్ళతో మనం 75 నుంచి 100 వాట్లు ఇవ్వగలం. మిగిలింది మోటారు ఇవ్వాలి. అంటే తొక్కడం మానకుండా ఉంటే 250 వాట్ల గేర్ల మోటారు సరిపోతుంది.

మన జిల్లాలో నల్లరేగడి పొలాల మధ్య పోయే రోడ్లు చాలావరకు చదునే. సండూరు కొండల వైపు పోయేవాళ్ళకు మాత్రం మిట్టలు తగులుతాయి. వాళ్ళకు గేర్ల మోటారు తప్పనిసరి. చదునులో పోయేవాళ్ళకూ నేను అదే చెబుతాను, ఎందుకంటే బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో ఎవరికీ తెలియదు.

ఒక్క వాట్లు చూసి కొనకండి. నిమిషానికి ఎన్ని చుట్లు అనేది కూడా అడగండి. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 2 మీటర్ల పైచిలుకు పోతుంది. గంటకు 25 కిలోమీటర్లంటే నిమిషానికి సుమారు 200 చుట్లు. లోడు లేకుండా 220 నుంచి 260 చుట్లు తిరిగే మోటారు మనకు సరి. 328 చుట్లది అంటగడితే అది వేగానికి చుట్టిన వైండింగు. అదే కంట్రోలరుతో మిట్టలో దాని బలం తక్కువ.

బ్యాటరీ, బిగింపు

36 వోల్టులు, 10 ఆంపియర్ గంటల బ్యాటరీ అంటే 360 వాట్ గంటలు. తొక్కుతూ పోతే కిలోమీటరుకు 10 నుంచి 12 వాట్ గంటలు ఖర్చు. పాతబడినా 20 కిలోమీటర్లకు లోటుండదు. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కనుక, బరువు కొంచెం ఎక్కువైనా వేడిని బాగా తట్టుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం మేలు. ఎండలో నిలబెట్టిన బ్యాటరీని వెంటనే చార్జికి పెట్టకండి, చల్లారనివ్వండి.

ముందు చక్రానికి మోటారు బిగించడం సులువు. కాని మౌంటెన్ సైకిలు ముందు ఫోర్కులో స్ప్రింగు ఉండి, ఇరుసు కూర్చునే చోట అల్యూమినియం ఉంటే అక్కడ బిగించవద్దు. మోటారు తిరిగే కొద్దీ దాని ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. ఆ ఒత్తిడికి అల్యూమినియం పగిలితే చక్రం ఊడిపోతుంది. వెనక చక్రమే మంచిది. ఇరుసును తిరగకుండా పట్టి ఉంచే టార్కు ఆర్ము అనే ఇనుప పట్టీ తప్పకుండా వేయించండి. బ్రేకు పట్టగానే మోటారు ఆగే స్విచ్చు ఉండాలి. వారం తర్వాత నట్లు, పుల్లలు మళ్ళీ బిగించి చూసుకోండి. వైరు కిందికి ఒంగి వేలాడేట్టు వదిలితే వాన నీరు దాని వెంట మోటారులోకి పోదు.

చట్టం ఏమంటుంది?

1953లో గీత గీసి బళ్ళారిని మైసూరు వైపు, ఆదోని, ఆలూరు, రాయదుర్గాలను ఆంధ్ర వైపు ఉంచారు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పనికి పోయే బతుకు మాత్రం మారలేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు రెండు వైపులా ఒక్కటే. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉండి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ దానిని ధ్రువీకరించి ఉంటే అది మోటారు వాహనం కింద లెక్క కాదు. కొనేటప్పుడు ఆ కాగితం అడిగి తీసుకోండి. వెయ్యి వాట్లది బిగిస్తే రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి. అవి లేకుండా ఎవరినైనా గుద్దితే జీవితాంతం అప్పు తీర్చాలి.

ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. ఇంటి నుంచి పనికి పోతూ, పని నుంచి ఇంటికి వస్తూ ప్రమాదం జరిగి, దానికి పనితో సంబంధం ఉన్నట్టు తేలితే అది ఉద్యోగ ప్రమాదం కిందికే వస్తుందని 2010లో ఈఎస్ఐ చట్టాన్ని సవరించారు. 2020 సామాజిక భద్రతా కోడులోనూ ఆ రక్షణ ఉంది. బండి సక్రమంగా లేదన్న సాకు ఎదుటివారికి మనమే ఎందుకు అందించాలి?

యూనియన్ అడగవలసినవి

బ్యాటరీని డిపార్టుమెంటులోకి తేవద్దు. బ్లోరూములో, కార్డింగులో, పత్తి గోదాములో గాలినిండా దూది నుసి. ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మనకు తెలుసు. గోదాము గోడ పక్కన చార్జి పెట్టడం కూడా తప్పే. అలాగని కార్మికుడు చార్జి ఎక్కడ పెట్టుకోవాలి? గేటు దగ్గర, పత్తికి దూరంగా, నీడ ఉన్న సైకిలు స్టాండు కట్టి, అందులో ఫ్యూజులు, ఎర్తింగు ఉన్న ప్లగ్ పాయింట్లు యాజమాన్యం పెట్టాలి. 2 ఆంపియర్ల చార్జరుతో అయిదు గంటలు చాలు, షిఫ్టు అయ్యేలోగా పని పూర్తవుతుంది. ఒక బ్యాటరీకి అర యూనిట్టు కరెంటు కూడా కాదు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. మిల్లుకూ, మనకూ అగ్నిప్రమాదం తప్పించే ఏర్పాటు.

చివరగా, ఒక్కొక్కరు విడివిడిగా పోయి బేరమాడకండి. పదిమంది కలిసి ఒకే రకం మోటారు కొంటే ధర తగ్గుతుంది, గ్యారంటీ కాగితం వస్తుంది, విడిభాగాలు ఒకరివి ఒకరికి పనికొస్తాయి. మన ఫిట్టర్లలో ఇద్దరు బిగింపు నేర్చుకుంటే మిగతావాళ్ళకు ఆ ఖర్చు తప్పుతుంది. ముందు ఒక సైకిలుకు వేసి, ఒక వేసవి, ఒక వానాకాలం నడిపి చూద్దాం. ఆ లెక్క ఇదే సభలో అందరి ముందు పెట్టి, తర్వాత మిగతావి కొందాం.

జీతంలో మిగిలేది తక్కువ. ఆ తక్కువను తెలివిగా ఖర్చు పెట్టుకోవడం కూడా మన పోరాటంలో భాగమే. సెలవు.