మాస్కోలో మాట, గోదావరి ఒడ్డున బతుకు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇచ్చిన అంశం "యుద్ధానంతర అగ్రరాజ్యాల పోటీ, కమ్యూనిజం వ్యాప్తి". పేరు వింటే ఎక్కడో బెర్లిన్‌లోనో, కొరియాలోనో జరిగిన ముచ్చట అనిపిస్తుంది. మన ఖమ్మం వాళ్ళకు అంత దూరం పోనక్కర లేదు. బడిలో అమెరికా పాలపొడితో కలిపిన పాలు తాగి, "సోవియట్ భూమి" పత్రిక నున్నని కాగితాలతో పుస్తకాలకు అట్టలు వేసుకున్న వాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. రెండు అగ్రరాజ్యాలూ ఒకే సంచిలో ఇమిడిపోయిన రోజులవి!

అయితే అంతకు ముందటి కథ ఇంత తేలికైనది కాదు.

ముందుగా ఒక మాట. తెలంగాణ సాయుధ పోరాటం మాస్కో ఉత్తర్వుతో మొదలు కాలేదు. వెట్టిచాకిరీ, దొరల భూదాహం, లెవీ ధాన్యం వసూళ్ళు దానికి మూలం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలైనాడు. అమెరికా, రష్యాలు ఒకే పక్షాన నిలిచి యుద్ధం గెలిచి అప్పటికి ఏడాదైనా నిండలేదు.

మంట మనదే. గాలి మాత్రం బయటి నుంచి వీచింది. 1947 మార్చిలో ట్రూమన్ కమ్యూనిజాన్ని అడ్డుకుంటామన్నాడు. సెప్టెంబరులో రష్యా తరఫున జ్దానోవ్ ప్రపంచం రెండు శిబిరాలైందన్నాడు. 1948 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కలకత్తాలో జరిగిన కమ్యూనిస్టు పార్టీ మహాసభ జోషిని తప్పించి రణదివేను కార్యదర్శిని చేసింది. ఆయన రష్యా తరహాలో పట్టణ కార్మికుల తిరుగుబాటు రావాలన్నాడు. మన ఆంధ్ర నాయకులు మాత్రం మావోను ఉదహరించి, రైతుల బలంతో పల్లెల నుంచి సాగే దీర్ఘకాల పోరాటమే మార్గమన్నారు. చైనాలో మావో ఇంకా అధికారానికి రాకముందే చైనా దారి మన దగ్గర చర్చకు వచ్చిందన్న మాట.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ విరగడైంది. కానీ ఊళ్ళు వదిలి పారిపోయిన దొరలు తిరిగి వచ్చారు. సైన్యం ఇక దళాల వెంట పడింది. మైదానంలో నిలవలేని దళాలు ఇల్లెందు, పాల్వంచ అడవుల్లోకి, గోదావరి దాకా వచ్చాయి. అప్పుడు మన ఖమ్మం వరంగల్ జిల్లాలో భాగం. నదికి ఆవల భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో గాని అది మన జిల్లాలో కలవలేదు.

దళాలకు కోయవాళ్ళు అన్నం పెట్టారు. అందుకని వాళ్ళ గూడేలను ఖాళీ చేయించి, రోడ్ల పక్క శిబిరాలకు చేర్చారు. సరిగ్గా ఆ కాలంలోనే మలయాలో కమ్యూనిస్టు గెరిల్లాలను ఒంటరి చేయడానికి బ్రిటిష్ వాళ్ళు దాదాపు ఐదు లక్షల మందిని కంచె వేసిన కొత్త ఊళ్ళకు తరలించారు. రెండు చోట్లా లెక్క ఒకటే: చేపను పట్టాలంటే చెరువు ఎండగట్టాలి. ఆ చెరువులో మనుషులున్నారు.

నేను రెవెన్యూలో చేరిన కొత్తలో, 1970ల్లో, ఒక గూడేనికి సర్వే పని మీద వెళ్ళాను. కోయల ఇళ్ళు దూరదూరంగా, ఎవరి చేను దగ్గర వాళ్ళకుంటాయి. అక్కడేమో బారులు తీరి ఉన్నాయి. ఎందుకని ఒక ముసలాయనను అడిగాను. "ఇవి మా ఇండ్లు కావు సారూ, మిలట్రీ పెట్టిన ఇండ్లు. మా ఇండ్లు ఆ గుట్ట అవతల ఉండె" అన్నాడు. నా రికార్డులో గుట్ట అవతలంతా అడవే. ఆయన చూపించిన చింతచెట్లకు నా కాగితంలో చోటు లేదు. నేనూ ఉన్నది ఉన్నట్టే నకలు చేసి సంతకం పెట్టాను. ఆ సంతకం ఇప్పటికీ గుర్తుకు వస్తుంది.

మళ్ళీ కథలోకి వద్దాం. 1951 ఆరంభంలో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్ళారు. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్. స్టాలిన్ వాళ్ళతో మాట్లాడాడు. చైనా సైన్యానికి మంచూరియా చేరాక రష్యా వెన్నుదన్ను దొరికిందనీ, మీకలాంటి ఆసరా లేదనీ ఆయన మాటల సారాంశం. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వెలువడింది. అయిదేళ్ళలో నాలుగు వేల మంది ప్రాణాలర్పించారని పార్టీ లెక్క. అడవిలో ఉన్నవాళ్ళకు దారి మూసుకుపోయిందన్న సంగతి మాస్కో చుట్టూ తిరిగి తెలియవలసి వచ్చింది.

పోరాటం ఊరికే పోయిందనను. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1952 ఎన్నికల్లో ఖమ్మం లోక్‌సభ స్థానాన్ని పి.డి.ఎఫ్. అభ్యర్థి టి.బి. విఠల్‌రావు గెలిచారు. తుపాకి దించిన చోటే బ్యాలెట్ పెట్టె నిండింది.

తరువాత రష్యా, చైనాలు కలహించుకున్నాయి. 1962లో చైనాతో యుద్ధం, 1964లో ఇక్కడ పార్టీ చీలిక. ఆ దశాబ్దం చివర చండ్ర పుల్లారెడ్డి వర్గం దళాలు మళ్ళీ ఈ అడవుల్లోకే వచ్చాయి. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోరాదని 1959లో చేసిన నిబంధనను 1970లో కట్టుదిట్టం చేశారు. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ముసలాయన అడిగిన గుట్ట అవతలి భూమి మాత్రం తేలలేదు.

మిత్రులారా, 2006 అటవీ హక్కుల చట్టం కింద ప్రభుత్వ రికార్డులతో పాటు, హక్కుదారులు కాని పెద్దల లిఖితపూర్వక వాంగ్మూలం కూడా సాక్ష్యమే. మనలో రెవెన్యూ, అటవీ, పంచాయతీ శాఖల్లో పనిచేసినవారు ఎందరో ఉన్నారు. ఏ గూడెం ఎక్కడుండేదో, ఏ చేను ఎవరు దున్నేవారో కళ్ళారా చూసినవాళ్ళం. ఆనాడు సంతకాలు పెట్టిన చేతులే ఈనాడు ఆ నిజాన్ని రాసివ్వాలని నా మనవి. పెన్షన్ వస్తోంది, తీరికుంది, జ్ఞాపకమూ ఇంకా ఉంది. అది పోకముందే రాద్దాం.