బలమూ, నిగ్రహమూ - హైదరలీ యుద్ధాలు మనకు చెప్పే పాఠం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



శత్రుదేశాల పట్ల మన ప్రభుత్వ వైఖరి యెట్లుండాలి, సైనికబలం చూపించాలా, నిగ్రహం పాటించాలా అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరినారు. మేము రాజకీయ నాయకులం కాము. సైన్యంలో పని చేసినవాళ్ళమూ కాము. అయినా యీ ప్రశ్న ఢిల్లీలో కూర్చున్న పెద్దలకు మాత్రమే చెందినది కాదు. 2025 మే నెలలో సరిహద్దు మీద నాలుగు రోజులు క్షిపణులు యెగిరినప్పుడు మన నగరి బజారులో, టీ అంగళ్ళ దగ్గర, మరమగ్గాల షెడ్లలో ఇదే చర్చ. "ఒక్క దెబ్బతో తేల్చేయాల" అని కొందరు. "యుద్ధమంటే పోయేది బీదోడి బిడ్డే కదా, ఆగాల" అని మరికొందరు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది. ఆ రెండు నిజాలను యెట్లా కలుపుకోవాలనేదే యీనాటి మా ప్రసంగ విషయం.

దీనికి ఉదాహరణ కోసం అమెరికాకో రష్యాకో పోనక్కరలేదు. మన చిత్తూరు పక్కనే ఉన్నది. 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో, వీపున లేచిన రాచపుండుతో, మైసూరు పాలకుడు హైదరలీ కన్ను మూసినాడు. అప్పటికి రెండేళ్ళకు పైగా యుద్ధం నడుస్తూ ఉన్నది. ఆ రోజుల్లో ఇంగ్లీషు కంపెనీని అంతగా భయపెట్టిన స్వదేశీ పాలకుడు ఇంకొకడు లేడు. అటువంటి బలశాలి యుద్ధం ముగించలేకనే మన గడ్డ మీద పోయినాడు. ఎందుకని?

ఇది తెలియాలంటే కొంచెం వెనక్కు పోవాలి. 1767లో కంపెనీకీ హైదరుకూ మొదటి యుద్ధం మొదలయింది. రెండేళ్ళు ఇద్దరూ గెలుస్తూ ఓడుతూ వచ్చినారు. 1769లో హైదరు పెద్ద సైన్యాన్నీ ఫిరంగులనూ వెనక వదిలి, వేగంగా పోయే గుర్రపు దళంతో ఒక్కసారిగా మద్రాసు వాకిట్లో ప్రత్యక్షమయినాడు. కోటలో దొరలకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. హైదరు తలుచుకుంటే కోట బయట ఊరినంతా దోచి తగలబెట్టి ఉండవచ్చు. అట్లా చేయలేదు. కూర్చొని సంధి మాట్లాడినాడు. ఒకరి స్థలాలు ఒకరికి తిరిగి ఇచ్చుకోవడం, ఒకరి మీద ఇంకొకడు దండెత్తితే రెండోవాడు సాయం రావడం - ఇవీ 1769 ఏప్రిల్‌లో కుదిరిన మద్రాసు సంధిలోని ముఖ్యమైన షరతులు.

దీన్ని మనం గమనించాలి. ఆనాడు హైదరు చేతిలో బలమున్నది. దానితోపాటు తనకు కావలసిందేమిటో తెలిసి ఉన్నది. అది చేతికి రాగానే ఆగినాడు. బలం లేనివాడు ఆగితే దాన్ని నిగ్రహమనరు, నిస్సహాయత అంటారు. కొట్టగలిగి ఉండీ కొట్టకుండా ఆగినవాడిదే నిగ్రహం.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 1771లో మరాఠాలు హైదరు మీద పడి ఘోరంగా ఓడించినారు. సంధి ప్రకారం సాయం పంపమని హైదరు అడిగితే కంపెనీ పంపలేదు. 1779లో హైదరు రక్షణలో ఉందన్న మాహే రేవును కంపెనీ పట్టుకున్నది. అదే సంవత్సరం గుంటూరు సర్కారును కౌలుకు తీసుకొని, హైదరు ఏలుబడిలోని కడప సీమ గుండా అతని అనుమతి లేకుండానే పటాలాన్ని నడిపించింది. మధ్యలో ష్వార్ట్జ్ అనే క్రైస్తవ మతబోధకుణ్ణి మద్రాసు వారు శ్రీరంగపట్టణానికి రాయబారిగా పంపినారు. హైదరు ఆయన్ను గౌరవంగా పిలిచి తన ఫిర్యాదులన్నీ చెప్పుకున్నాడు. కాని కంపెనీ పోకడ మారలేదు.

సంధి కాగితం మీద ఉన్నది. దాన్ని నిలబెట్టే ఏర్పాటు మాత్రం ఇద్దరి మధ్యా లేకపోయింది. ఒకడు మాట తప్పితే రెండోవాడు యెవరితో మొరపెట్టుకోవాలి? ఆ చోటు లేకపోతే మనసులో పెట్టుకున్న కసి ఒకనాటికి కత్తి పడుతుంది.

1780 జూలైలో హైదరు మహాసైన్యంతో కనుమ దిగి ఆర్కాటు సీమలో పడినాడు. దానికి యెదురుగా నిలబడవలసిన కర్నల్ బెయిలీ గుంటూరు పక్క నుంచి వస్తూ కొర్తలైయారు దగ్గర ఆగిపోయినాడు. మన నగరి పక్కన పారే కుశస్థలి నీళ్ళు చేరేది ఆ యేటికే. రాత్రికి రాత్రి వరద వచ్చింది. బెయిలీ దండు రోజుల తరబడి ఆ ఒడ్డునే ఉండిపోయింది. ఆ ఆలస్యమే అతని కొంప ముంచింది. సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో హైదరు, టిప్పు ఇద్దరూ చుట్టుముట్టి దాదాపు 3,800 మంది ఉన్న ఆ దండును తుడిచి పెట్టినారు. బెయిలీ పట్టుబడినాడు. కంచిలో ఉన్న సేనాపతి మన్రో పెద్ద ఫిరంగులను కోనేట్లో పడేసి మద్రాసుకు పరుగు తీసినాడు. శ్రీరంగపట్టణంలో దరియా దౌలత్ గోడ మీద ఆ యుద్ధం బొమ్మ యీనాటికీ చూడవచ్చు.

గెలుపు అంటే అంతకంటే గొప్ప గెలుపేముంది? మరి దాని ఫలమేమయింది? హైదరు పారిపోయే మన్రోను వెంటాడలేదు. పదకొండేళ్ళ కిందట చేసినట్టు మద్రాసు వాకిట్లో కూర్చొని సంధీ రాయించుకోలేదు. కంపెనీని దేశం నుంచి వెళ్ళగొట్టాలనుకున్నాడు. దానికి తగిన సాధనం మాత్రం అతని దగ్గర లేదు. మన నగరి ముక్కు కొండ సముద్రంలో ఓడల మీద వచ్చేవాళ్ళకు చాలా దూరం నుంచే గుర్తుగా కనిపించేదట. ఆ సముద్రం దోవనే కలకత్తా నుంచి సర్ ఐర్ కూట్ సైన్యంతోనూ డబ్బుతోనూ దిగినాడు. 1781లో పోర్టోనోవో, పొల్లిలూరు, చివరకు సెప్టెంబరు 27న మన తిరుత్తణికి అవతల షోలింగరు - మూడు చోట్లా హైదరుకు ఎదురుదెబ్బలు తగిలినాయి. ఎంతమంది బెయిలీలను ఓడించినా లాభం లేదని, నేల మీద వాళ్ళను చెరచగలిగినా సముద్రాన్ని ఎండగట్టడం తనవల్ల కాదని హైదరు మంత్రి పూర్ణయ్యతో అన్నట్టు విల్క్స్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు రాసినాడు. అంతటి మొనగాడికి ఆ సంగతి యుద్ధం మధ్యలో తెలిసి వచ్చింది.

మధ్యలో నలిగిపోయింది యెవరు? శత్రువుకు గింజ దొరకకూడదని హైదరు మద్రాసు చుట్టుపక్కల సీమనంతా పాడు పెట్టించినాడు. ఊళ్ళు తగలబడినాయి, పశువులు పోయినాయి, కాపులూ నేతగాళ్ళూ చెల్లాచెదురయినారు. ఆ దారుణాన్ని గూర్చి 1785లో ఎడ్మండ్ బర్క్ లండన్ పార్లమెంటులో ప్రసంగించినాడు. రాజులు గెలిచినా ఓడినా సామాన్యుడు రెండు సార్లూ ఓడినాడు.

ఇక్కడ ఇంకొక మాట. దీన్ని మతాల యుద్ధంగా చెప్పేవాళ్ళున్నారు. అది సరికాదు. కంపెనీ పక్షాన ఆర్కాటు నవాబు మహమ్మదలీ ఉన్నాడు. హైదరు పక్షాన మంత్రి పూర్ణయ్య ఉన్నాడు. టిప్పు మలబారు తీరం నుంచి వచ్చేదాకా హైదరు చావు బయటపడకుండా దండును కాపాడిన వారిలో ఆ పూర్ణయ్యే ముఖ్యుడు. ఏడాదికి పైగా గడిచి 1784 మార్చిలో మంగుళూరు సంధి కుదిరింది. ఎవరి స్థలాలు వారికి. అంటే దాదాపు 1769లో ఉన్న చోటికే తిరిగి వచ్చినారు. మధ్యలో పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

దీని నుంచి మేము మూడు సంగతులు గ్రహించినాము. ఒకటి, బలం ఉండి తీరాలి. రెండు, యెక్కడ ఆగాలో మొదలు పెట్టకముందే తేల్చుకోవాలి. మూడు, ఆగిన చోట మాట నిలబడే ఏర్పాటు చేసుకోవాలి. యీ మూడింటిలో ఏది తక్కువైనా మిగతా రెండూ పనికి రావు.

ఇప్పుడు మన దేశం సంగతికి వద్దాము. 1962లో చైనా యెదుట మనకు బలం చాలలేదు. మంచి మాటలు మనల్ని కాపాడలేదు. నిగ్రహం ఒక్కటే చాలునని చెప్పేవాళ్ళు దాన్ని మరిచిపోరాదు. 1971లో బలమూ ఉన్నది, లక్ష్యమూ స్పష్టంగా ఉన్నది. డిసెంబరు 16న ఢాకాలో శత్రుసేన లొంగిపోయిన మరునాడే పడమటి సరిహద్దులో మన దేశం తనంతట తానే కాల్పులు ఆపింది. చేతికి చిక్కిన సుమారు 93,000 మంది ఖైదీలను 1972 నాటి సిమ్లా ఒప్పందం తరువాత తిరిగి పంపింది. దాన్ని మెతకతనం అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కాని ఆ యుద్ధం దేనికోసం మొదలయిందో అది నెరవేరింది. బంగ్లాదేశ్ యేర్పడింది.

1999లో కార్గిల్. మన సైన్యంగాని విమానాలుగాని నియంత్రణ రేఖ దాటరాదని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. దానివల్ల లోకమంతా మన పక్షాన నిలబడింది. పాకిస్తాన్ ప్రధాని వాషింగ్టన్ పోయి సైన్యాన్ని వెనక్కు పిలుస్తామని ఒప్పుకోవలసి వచ్చింది. అయితే ఆ నిగ్రహానికి మూల్యం కట్టిందెవరు? శత్రువును వెనక నుంచి చుట్టుముట్టే వీలు లేక, నిట్టనిలువు కొండలకు యెదురుగా యెక్కిన జవాన్లు. 527 మంది అమరులయినారు. నిగ్రహం చవక సరుకేమీ కాదు. దాన్ని గూర్చి మాట్లాడేవాళ్ళం యీ లెక్క మనసులో పెట్టుకొని మాట్లాడాలి.

నిగ్రహాన్ని శత్రువు అలుసుగా తీసుకుంటాడనే వాదం ఉన్నది. 2008 నవంబరులో బొంబాయిలో 166 మందిని చంపినప్పుడు మన దేశం సైన్యాన్ని పంపలేదు. తరువాత కూడా దాడులు ఆగలేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మంది అమాయకులను కాల్చినారు. ముష్కరులు కాల్చింది మన సోదరులను. ఆ పని చేసినవాళ్ళకు యే మతంలోనూ చోటు లేదు. మే 7న మన సేనలు దెబ్బకు దెబ్బ తీసినాయి. 10వ తేదీన రెండు దేశాల సైనిక కార్యకలాపాల అధిపతులు టెలిఫోనులో మాట్లాడుకొని కాల్పులు ఆపినారు. కొట్టడమూ తెలియాలి, ఆ టెలిఫోను ఎత్తడమూ తెలియాలి. ఆ తీగె ఉండబట్టే నాలుగు రోజుల్లో ఆగింది. రెండు పక్కలా అణుబాంబులున్న చోట అది చిన్న విషయం కాదు.

అటువంటి ఏర్పాట్లు ఇంకా ఉన్నాయి. ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేయరాదని 1988 డిసెంబరు 31న రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటూ వస్తున్నాయి. కార్గిల్ యుద్ధం తరువాత కూడా యిది ఆగలేదు. 1960 నాటి సింధు జలాల ఒప్పందం మూడు యుద్ధాలను తట్టుకొని నిలిచింది. 2025 ఏప్రిల్‌లో, పహల్గాం తరువాత, మన దేశం దాన్ని నిలిపి ఉంచింది. హైదరుకూ కంపెనీకీ మధ్య లేకపోయింది ఇటువంటి ఏర్పాట్లే. వీటికి జెండాలు, బాజాలు ఉండవు. కాని ఇవి కూడా దేశరక్షణే.

చివరగా మన ఇళ్ళ సంగతి. సరిహద్దులో ఉద్రిక్తత వచ్చినప్పుడల్లా మన పిల్లలకు ఒక సంకటం. గట్టిగా అరవకపోతే అనుమానం, శాంతి అంటే ఇంకా అనుమానం. వాళ్ళకు మేము చెప్పేదొకటే. 1948లో నౌషేరా రంగంలో ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ ఉస్మాన్, 1965లో ఖేంకరణ్ దగ్గర శత్రు ట్యాంకులను బద్దలు కొట్టి నేలకొరిగిన హవల్దార్ అబ్దుల్ హమీద్ యెవరి ముందరా అరిచి నిరూపించుకోలేదు. చేయవలసిన పని చేసినారు. మన దేశభక్తి మీద యెవరికో సమాధానం చెప్పుకోవడానికి మనం యుద్ధం కోరుకోనక్కరలేదు. యెవరో యేదో అనుకుంటారని శాంతి మాట మింగనూ అక్కరలేదు. దేశం మనది కాబట్టే యీ చర్చలో మన మాటకు విలువ ఉన్నది.

పిల్లలు చదువుకోవాలి. సైన్యంలో చేరాలనే ఆశ ఉన్నవాడు చేరాలి. మన తిరుపతి జిల్లా శ్రీహరికోటలో రాకెట్లు పంపే పనికి పోగల తెలివి ఉన్నవాడు అటు పోవాలి. దౌత్యశాఖ పరీక్షలకు కూర్చునేవాడు కూర్చోవాలి. దేశానికి గట్టి చెయ్యీ కావాలి, ఆ చేతిని అదుపులో ఉంచే బుర్రా కావాలి. రెండూ మన ఇళ్ళ నుంచి రావాలని సంఘం పక్షాన కోరుకుంటున్నాము.

జై హింద్.