వాటాల బజారును గూర్చి



నేడు నేను మాటలాడబోవు విషయము మన పొలములకును తోటలకును చాల దూరమైనదని కొందరు తలపవచ్చును. వాటాల బజారు, అనగా మన పిల్లలు షేర్ మార్కెట్టని పిలుచునది, ముంబయి నగరమున ఉన్నది. మనము పి.గన్నవరమున వైనతేయపుటొడ్డున ఉన్నాము. కాని ఆ దూరము ఇప్పుడు తగ్గిపోయినది. పూర్వము ఒక వాటా కొనవలెనన్న పట్టణమునకు పోయి దలాలిని వెదకికొనవలసి యుండెను; కాగితపు పత్రము తపాలాలో చేతికి వచ్చుటకు నెలలు పట్టెడిది. 1996లో డిపాజిటరీల చట్టము వచ్చిన పిదప కాగితములు క్రమముగా పోయి, లెక్క మాత్రము మిగిలినది. నేడు అక్విడక్టు గట్టుమీద కూర్చుండి చేతిలోని ఫోనుతో వాటా కొనవచ్చును, అమ్మవచ్చును. కొనుచున్నారు, అమ్ముచున్నారు కూడ. కనుక ఇది మన ఊరి విషయమే.

ఒక సంక్రాంతి నాడు భోజనములైన తరువాత ఒకరి యింటి అరుగుమీద జరిగిన వాదమును నేను వింటిని. ఇంటి యజమాని ఉపాధ్యాయుడుగా పనిచేసి విరమించినవారు. ఉద్యోగము విడిచిననాడు చేతికి వచ్చిన సొమ్మంతయు బ్యాంకులో వేసి వడ్డీతో కాలము గడపుచున్నారు. వారి బావమరిది అంబాజీపేటలో కురిడీ కొబ్బరి వ్యాపారము చేయును. ధరల పోకడ తెలిసినవాడు, మాటకారి.

“బావగారూ, సొమ్మును అట్లు నిద్రపుచ్చినయెడల పదేండ్లకు అది సగమగును. రూపాయి సంఖ్య తగ్గదు గాని కొను శక్తి తగ్గును. వాటాల సూచీకి 1978-79ను 100గా ఎంచినారు. 2024 సెప్టెంబరులో అది 85 వేలు దాటినది. ఏ బ్యాంకు ఇంత ఇచ్చినది?” అని ఆయన వాదము.

మాస్టారు నవ్వి, “అంత ఎత్తున ఎక్కినది దిగక మానునా, బావా? 2008 జనవరిలో 21 వేలు ముట్టినది, ఆ అక్టోబరు నాటికి 9 వేలకు లోబడినది. 2020 జనవరిలో 42 వేల దరిని ఉన్నది, కరోనా వచ్చినంతనే మార్చి 23వ తేదీన 26 వేలకు దిగినది. నేను చేరిన మరునాడే అట్లు జరిగినచో నాకు దిక్కెవరు?” అనిరి.

“పడినది మరల లేవలేదా? 2008లో పడినది 2010 దీపావళికి తిరిగి 21 వేలకు చేరినది గదా!”

“దాదాపు మూడేండ్లు. ఆ మూడేండ్లు నా పిల్ల పెండ్లి ఆగునా?”

ఇట్లు గంటసేపు జరిగినది. ఇద్దరు చెప్పిన అంకెలును నిజములే. ఒకరు ఎక్కిన మెట్లను లెక్కించిరి, మరియొకరు దిగిన మెట్లను లెక్కించిరి. బజారు ముందుకు ఎటు పోవునని వాదించువారి కష్టమంతయు ఇందే యున్నది. ఎవరి పక్షమునకైనను సాక్ష్యము దొరకును. రేపటి ధర మాత్రము ఎవరికిని తెలియదు. అయితే వారి వాదము నడుమ మాస్టారు అన్న ఒక్క మాట, పిల్ల పెండ్లి ఆగునా యన్నది, నా మనస్సున నిలిచినది. ఆ మాటను గూర్చియే నేను కొంత చెప్పవలెను.

మొదట వాటా యన నేమో చూతము. మన ప్రక్కనున్న పాశర్లపూడిలో 1995 జనవరిలో ఓ.ఎన్.జి.సి. వారి బావి పేలి రెండు నెలలకు పైగా మండినది. ఆ వెలుగును, ఆ హోరును మరువని పెద్దలు ఇక్కడ కలరు. ఆ సంస్థలో పెద్ద భాగము ప్రభుత్వమునది. మిగిలినదానిని ప్రజలు వాటాలుగా కొని అమ్ముకొనుచున్నారు. మన నేలక్రింది వాయువును తీయు సంస్థలో మన గన్నవరపు రైతు కూడ పిసరంత యజమాని కావచ్చునన్నమాట. వాయువు దొరకి లాభము వచ్చిన అతనికి భాగము వచ్చును; బావి మండిన ఆ నష్టమును అతనిదే. అప్పిచ్చినవానికి వడ్డీ నియమితము. భాగస్థునికి నియమితమైనది లేదు. కొందరు పెద్దలు ఆగ్రిగోల్డు వంటి సంస్థలలో పోయిన సొమ్మును, చీటీలలో పోయిన సొమ్మును, వాటాలలో పోయిన సొమ్మును ఒకే మూటగా కట్టి మాటలాడుచుందురు. అవి వేరు వేరు వ్యవహారములు. ఇంత ఇత్తునని మాట యిచ్చి తప్పుట ఒకటి. అసలు మాటయే యీయని వ్యాపారములో భాగము కొనుట మరియొకటి.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించినది వాటాల సొమ్ముతోనే. చెల్లింపయిన మూలధనము లక్ష రూపాయలు. ఆ బ్యాంకు 1980లో ప్రభుత్వపరమైనది, 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసినది. నాడు వేయి ఆంధ్రా బ్యాంకు వాటాలున్నవారికి 325 యూనియన్ బ్యాంకు వాటాలు వచ్చినవి. పేరు పోయినను భాగము మిగిలినది.

మిగులునని నమ్మిన భాగము ఒక్క ఉదయమున పోయినదియు మనవారికి తెలిసినదే. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థను గోదావరి జిల్లాలవారు తమ యింటి సంస్థగా భావించిరి. 2008లో దానికి ఉత్తమ నిర్వహణకుగాను గోల్డెన్ పీకాక్ బహుమానము కూడ వచ్చెను. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షులు తామే ఉత్తరము వ్రాసి, లెక్కలలో చూపిన వేలకోట్ల రూపాయలు లేవని ఒప్పుకొనిరి. ముందటి దినమున 179 రూపాయల దరినున్న వాటా ఆ సాయంకాలమునకు 40 రూపాయలయ్యెను. తరువాత టెక్ మహీంద్రా వారు ఆ సంస్థను కొనిరి. 2013లో రెండును కలిసినపుడు 17 సత్యం వాటాలకు 2 టెక్ మహీంద్రా వాటాలు ఇచ్చిరి. లెక్కలు పరీక్షించువారుండిరి, బహుమానమిచ్చినవారుండిరి, బజారును కనిపెట్టు సెబీ యుండెను. అయినను లెక్కలలో మోసమున్నదని చిన్న వాటాదారునకు ముందుగా వారెవరును చెప్పలేదు. నాకు తెలిసినవాడు, నాకు బంధువు, మా జిల్లావాడు అనునది వాటా కొనుటకు కారణము కాదని నేను గట్టిగా అందును. అది ఓటునకే మంచి కారణము కాదు.

ఒకే కంపెనీని నమ్మక పది కంపెనీలలో పంచవలెనని తెలిసినవారు చెప్పుదురు. మంచి మాటయే. మన తోటలో కొబ్బరి నీడన కోకో వేయుదుము, అరటి వేయుదుము, తమలపాకు పెట్టుదుము. కొబ్బరి ధర పడిననాడు అరటిగెల ఆదుకొనును. మ్యూచువల్ ఫండు అనునది అట్టి తోటయే. అనేకుల సొమ్ము చేర్చి అనేక కంపెనీలలో నాటుదురు. కాని 1996 నవంబరు 6వ తేదీ రాత్రి ఏమి జరిగినది? కొబ్బరి పడినది, అరటి పడినది, తమలపాకు పందిరి కూడ పడినది. చెట్ల జాతులు వేరైనను గాలివాన ఒక్కటే. 2020 మార్చిలో బజారులోను అట్లే జరిగినది. మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ యని చూడక అన్నియు కూలినవి.

ఇచట నా సొంత కథ చెప్పక తప్పదు. 1994లో బజారు జోరుగా ఉండెను. సూచీ ఆ సెప్టెంబరులో 4,600 దాటినది. నేను రెండేండ్ల దింపుల మీద మిగిలిన సొమ్ము పెట్టి ఒక సిమెంటు కంపెనీ వాటాలు కొంటిని. కంపెనీ మంచిదే, మోసము లేదు. మెల్లగా ధర తగ్గుచు వచ్చెను. తొందర యేమి, ఉండనిమ్మనుకొంటిని. ఇంతలో నవంబరు తుపాను వచ్చి మా తోటలో పదింట ఏడు చెట్లను నేలగూల్చినది. ఇంటి పెంకులు ఎగిరిపోయినవి. మ్రానులు తీయించవలెను, మొక్కలు నాటవలెను, నాటినవి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. పెద్దవాని కాలేజీ రుసుము కట్టవలెను. చేతిలో వేరు సొమ్ము లేదు. ఆ డిసెంబరులో వాటాలు అమ్మితిని. అప్పటికి సూచీ 2,800కు లోపల నుండెను. పెట్టినదానిలో సగము కంటె తక్కువయే చేతికి వచ్చెను. 2000 ఫిబ్రవరి నాటికి అదే సూచీ 6 వేలకు చేరినది. నేనమ్మిన కంపెనీ వాటా కూడ లేచినది. పత్రికలో దాని ధర చూచిన ప్రతి ఉదయమును నాకు కాఫీ చేదుగా ఉండెడిది.

నా సొమ్ము పోగొట్టినది బజారు కాదు. బజారు పడినది, మరల లేచినది. పడియున్న దినముననే నాకు అవసరము వచ్చుటయు, ఆ అవసరమునకు నేను వేరుగా ఏమియు ఉంచుకొనకపోవుటయు నన్ను ముంచినవి. కొబ్బరి మొక్క నాటువాడు రెండవ యేట కాయల సొమ్ముతో కూతురి పెండ్లి చేయుదునని ముహూర్తము పెట్టుకొనడు గదా. గింజలు గాదెలో ఉన్నవాడే మొక్కకు ఆరేండ్లు నీరు పోయగలడు.

అరుగుమీద మాట ఇంకను ముగియలేదు. వ్యాపారిగారి కుమారుడు, ఇంజనీరింగు చదివినవాడు, అంతవరకు స్తంభమునకు ఆనుకొని ఫోను చూచుకొనుచుండెను. “మామయ్యా, వాటాలు కొని యేండ్లు కూర్చుండుట పాతకాలపు పద్ధతి. ఆప్షన్లున్నవి. సూచీ ఎక్కునో దిగునో చెప్పిన చాలు, గురువారమునకు తేలిపోవును” అనెను. తన గుంపులో రోజూ సలహాలు వచ్చుచున్నవట. ఎంత వచ్చినదని అడిగితిని. వచ్చిన దినముల లెక్క వెంటనే చెప్పెను. పోయిన దినముల లెక్క అడిగినపుడు వాని తండ్రి వానివంక తిరిగి చూచిరి.

ఈ ఆప్షన్లు, ఫ్యూచర్ల విషయమున సెబీ 2024 సెప్టెంబరులో ఒక లెక్క ప్రకటించినది. 2021-22 మొదలు 2023-24 వరకు మూడేండ్లలో ఈ వ్యవహారము చేసిన సామాన్య వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. వారి నష్టము మొత్తము లక్షా ఎనుబది వేల కోట్ల రూపాయలకు పైబడినది. తలకు సగటున రెండు లక్షలు. ఎదుటిప్రక్క లాభపడినవారిలో యంత్రములచే క్షణములో బేరములు చేయు పెద్ద సంస్థలు ముఖ్యమైనవి. వాటాలో పడినను కంపెనీ మిగులును, వేచియుండవచ్చును. ఆప్షనుకు గడువు కలదు. గడువు దాటిన అది చెల్లని చీటి. కోడిపందెము కట్టినవాడు కనీసము రెండు కోళ్లనైన చూచును.

ఇంతయు వినిన మాస్టారు లోపలికి పోయి పాత పంచాంగము, కలము తెచ్చిరి. పంచాంగములోని ఖాళీ పుటమీద తమకున్న సొమ్మును వ్రాసి, ఒక్కొక్క భాగము ప్రక్కన అది ఎప్పుడు కావలెనో ఆ సంవత్సరమును వేసిరి. పిల్ల పెండ్లికి రెండేండ్లలోపల. తమకును భార్యకును వైద్యము ఎప్పుడైనను రావచ్చును గనుక దాని ప్రక్క ‘రేపు’ అని వ్రాసిరి. ఈ రెండు భాగములు బ్యాంకులోను తపాలా కార్యాలయపు పెద్దల పొదుపు పథకములోను కదలక యుండవలెనని తేలినది. బ్యాంకు మూతపడినను డిపాజిటునకు అయిదు లక్షల వరకు 2020 నుండి పూచీ కలదు గనుక సొమ్మును రెండు బ్యాంకులకు పంచుడని నేను చెప్పితిని. మనుమని పేర వ్రాసిన భాగమొకటి మిగిలినది. వాని వయస్సు మూడేండ్లు. దాని ప్రక్క పదునైదేండ్ల తరువాతి సంవత్సరము పడినది.

“ఇది నీ బజారులో వేయవచ్చును, బావా. ఒక్కసారి కాదు, నెలనెలకు కొంచెము. పడినను నన్ను లేపవద్దు,” అనిరి మాస్టారు.

వ్యాపారిగారు ఆ కాగితమును రెండు మారులు చదివి, తన సొమ్ములో ఎంత భాగము ప్రక్కన ఏ సంవత్సరము వ్రాయవలెనో తెలియక ఊరకుండిరి. అంగడి సరకునకు చేసిన అప్పు ఒకవైపున, వాటాలు మరియొకవైపున ఉన్నవని నాతో దారిలో చెప్పిరి. ఆ వారములోనే కొంత అమ్మి అప్పు తీర్చిరి. కుమారుని ఖాతా సంగతి నేను అడుగలేదు, ఆయనయు చెప్పలేదు.