తట్టు కాదని తేల్చిన కాగితం



హైదరాబాద్ చిక్కడపల్లి నుంచి నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కు నడిచే వెళ్ళొచ్చు. ఈ పేటవాళ్ళకు అది కుక్క కరిస్తే సూది వేయించుకునే చోటు. జ్వరంతో ఒళ్ళంతా దద్దుర్లు లేచిన పిల్లల రక్తంలో తట్టు ఉందో లేదో తేల్చే ప్రయోగశాల కూడా అక్కడే ఉంది. పట్టాలు అందుకుంటున్న నర్సింగు, ప్రజారోగ్య విద్యార్థులారా, అక్కడ 'తట్టు కాదు' అని తేలిన కాగితాల గురించి ఇవాళ మీతో మాట్లాడాలి.

తట్టు టీకా మన జాతీయ కార్యక్రమంలోకి 1985లో వచ్చింది. 2010లో రెండో డోసు మొదలైంది. 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తొమ్మిది నెలల పసివాళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లల వరకూ తట్టు, రుబెల్లా రెంటికీ కలిపిన ఎంఆర్ టీకా వేశారు. 2026 నాటికి తట్టు, రుబెల్లా దేశంలో లేకుండా చెయ్యాలన్నది లక్ష్యం. అందుకు నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ అందాలి. రోగి వెళ్ళిపోయిన గదిలో రెండు గంటల దాకా తట్టు వైరస్ గాలిలోనే ఉంటుంది మరి.

టీకా వేస్తే సగం పనే అయినట్టు. ఏడాదంతా ఒక జిల్లా నుంచి దద్దుర్ల కేసు ఒక్కటీ రాలేదంటే సంతోషించకండి, అక్కడ చూసేవాళ్ళు లేరేమోనని అనుమానించండి. లక్ష జనాభాకు ఏటా కనీసం రెండు కేసులను పరీక్షించి, తట్టూ రుబెల్లా కావని తేల్చినప్పుడే నిఘా సరిగ్గా నడుస్తున్నట్టు లెక్క. వెతకనివాళ్ళకు 'లేదు' అనే హక్కు లేదు. శ్రీలంక అలా వెతికి చూపించే 2019లో తట్టు నిర్మూలన ధ్రువీకరణ పొందింది.

అశోక్‌నగర్ సందుల్లో కడుతున్న భవనాల దగ్గర రేకుల షెడ్లు చూడండి. పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలవి. మొదటి డోసు సొంతూళ్ళో పడి ఉంటుంది, రెండోదాని వేళకు ఇక్కడుంటారు, టీకా కార్డు ఊళ్ళోనే ఉండిపోతుంది. ఆశా అక్కను వెంటబెట్టుకుని వెళ్ళండి. గుమ్మానికి వేపమండలు కనిపిస్తే కసురుకోకండి. 'అమ్మ పోసింది' అన్న తల్లి మాటను గౌరవంగా వినండి. బిడ్డను పదిమందిలోకి పంపకూడదని ఆమెకు ముందే తెలుసు. రక్త నమూనా తీయించడం, విటమిన్ ఎ ఇప్పించడం, చుట్టుపక్కల పిల్లల టీకాలు సరిచూడటం మీ పని. దద్దుర్లు మానినంత మాత్రాన ఆ బిడ్డను వదిలేయకండి. పాత రోగాల మీద ఒంటికి ఉన్న రక్షణను కూడా తట్టు చెరిపేస్తుంది, ఆ తర్వాత న్యుమోనియా ప్రాణం మీదికి తేవచ్చు.

రక్త నమూనాతో పంపే ఫారంలో దద్దుర్లు మొదలైన తేదీ గడిని ఎప్పుడూ ఖాళీగా వదలకండి. ఆ తేదీకి నాలుగు రోజుల ముందు నుంచీ బిడ్డ ఎవరెవరితో ఆడుకుందో అడగండి. ఆ ఇళ్ళకూ ఆ రోజే వెళ్ళండి.